అర అంగుళం దిగిన తలుపు

చిత్తూరును ఆనుకుని ఉన్న మురకంబట్టులోని చిన్నబ్బ షెడ్డుకు ఆ మంగళవారం పొద్దున వచ్చిన అంబాసిడర్ ఎవరిదో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మీగడ రంగు వెలిసిపోయి పాత దుప్పటి రంగులోకి దిగింది. డాష్‌బోర్డు మీద ఇత్తడి వినాయకుడు మాత్రం ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. ఎడమవైపు వెనక తలుపును పాత చీర పేలికతో బిగించి, ఆ పేలిక కొసను ముందు సీటు కమ్మీకి కట్టేశారు. ముడి మీద ముడి, ఎన్నేళ్ల ముడులో. అది చూడగానే చిన్నబ్బ చేతిలోని సుత్తి కింద పెట్టేశాడు. అరవై రెండేళ్ల మనిషి, నలభై ఏళ్లుగా రేకులు కొట్టి కొట్టి సగం చెవుడు తెచ్చుకున్నవాడు, ఆ పూట టీ కూడా తాగకుండా ఆ ముడుల కేసే చూస్తూ నిలబడ్డాడు.

కారు తెచ్చినవాడు జయచంద్ర, చిత్తూరు బెల్లం మండీ సుందరరాజు కొడుకు. సుందరరాజు పోయి రెండేళ్లయింది. మండీ వెనక మూలన పడి ఉన్న కారును కొడుకు బయటికి లాగి ఇంజను బాగు చేయించాడు. ఇక రంగు వేయించాలి, అంతకన్నా ముందు ఈ తలుపు సంగతి తేల్చాలి అన్నాడు. వాళ్లమ్మ మునిలక్ష్మికి ఈ కారులోనే కాణిపాకం పోయిరావాలని ఉందట. అదీ తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని. ఆ చోటు సరిగ్గా ఆ తలుపు పక్కనే.

"ఇది మొదట్నుంచీ ఇంతే మేస్త్రీ," అన్నాడు జయచంద్ర. "ఎవరో కుప్పయ్యంట గదా, ఆయన చెడగొట్టి పెట్టినాడని మా నాయన కడదాకా తిట్టుకుంటానే ఉండె."

చిన్నబ్బ ఊ అన్నాడు. ఈ సంగతి ఎప్పుడు వచ్చినా పంతొమ్మిదేళ్లుగా ఆయన అంటున్నది ఆ ఒక్క ఊ మాత్రమే.

చిన్నబ్బను చెడ్డవాడని చిత్తూరులో ఎవరూ అనరు. వాళ్ల నాయన బిందెలకు మాట్లు వేసుకుని బతికితే, ఈయన అదే సుత్తితో కార్ల దాకా ఎదిగాడు. లారీ గుద్దితే అప్పడంలా ముడుచుకుపోయిన రేకును కూడా లోపల ఇనప దిమ్మె ఆనించి, పైన చిన్న చిన్న దెబ్బలు వేసి, మళ్లీ మొదటి ఒంపుకు తెచ్చేవాడు. పనికి పేరు, మాటకు మర్యాద. ఇంట్లో భార్య మునెమ్మ ఒక్కతే ఆయన్ను అప్పుడప్పుడూ "నీ కడుపులో ఏందో ఉండాది" అని కసిరేది. ఆమె అజీర్ణం గురించి అంటోందన్నట్టు ఆయన వాము నమిలేవాడు.

కుప్పయ్య షెడ్డు అప్పట్లో చిన్నబ్బ షెడ్డు పక్కనే ఉండేది. రేకు పని చిన్నబ్బది. తలుపులు, అద్దాలు, తాళాలు కుప్పయ్యవి. ఒక బండి ఇద్దరి చేతుల మీదుగా రోడ్డెక్కేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని సంగటి తినేవాళ్లు. కుప్పయ్య ఆరేళ్లు పెద్ద, నోట్లో నాలుక ఉందా లేదా అనిపించే మనిషి. తలుపు బిగించాక చెవి దగ్గరగా పెట్టి ఒక్కసారి మూసేవాడు. చప్పుడు నచ్చకపోతే మళ్లీ మొత్తం విప్పేవాడు. నచ్చితే చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేవాడు. ఆ తిరిగి చూడకపోవడంలో ఉన్న దర్జా చూసి చిన్నబ్బకు లోపల కాస్త కుళ్లుగా కూడా ఉండేది.

పంతొమ్మిదేళ్ల కింద, తిరుపతి గంగమ్మ జాతర ముందు, ఇదే కారు తుప్పు పనికి వచ్చింది. తలుపుల కింద, బండి పొడవునా ఒక రేకు పెట్టె ఉంటుంది. మేస్త్రీలు రన్నింగ్ బోర్డు అంటారు. చూడడానికి కాలు పెట్టే మెట్టులా కనిపిస్తుంది గానీ బండి నడుము నిలబడేది దాని మీదే. తుప్పు పట్టిన పెట్టెను కోసి తీసే ముందు, తలుపు కూర్చునే ఖాళీలో అడ్డంగా ఒక ఇనప పైపు వెల్డింగు పెట్టి కట్టాలి. కట్టకుండా కోస్తే నడుము కిందికి దిగుతుంది. ఇది చిన్నబ్బకు తెలియక కాదు. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు ఆయనే చెప్పే పాఠం ఇది.

కానీ ఆ రోజు సాయంత్రం ఆయన తిరుపతి బస్సు పట్టుకోవాలి. ఏటా జాతరలో ఆడవేషం కట్టే మొక్కు ఉంది. పైపు వెతకడం, కొయ్యడం, కట్టడం, పని అయ్యాక మళ్లీ తీసెయ్యడం, ఇదంతా అరపూట తినేస్తుంది. అంబాసిడరంటే ఏనుగు, దానికి ఏమవుతుందిలే అనుకున్నాడు. ఎడమవైపు పెట్టెను కోసేశాడు, కొత్త రేకు వేసేశాడు, బస్సెక్కేశాడు. ఆయన జడ పెట్టుకుని, బుగ్గన చుక్క పెట్టుకుని తిరుపతి వీధుల్లో చిందులు వేస్తున్నప్పటికే ఇక్కడ బండి నడుము అర అంగుళం దిగింది. దిగినచోటే వెల్డింగు చల్లారి గట్టిపడిపోయింది.

ఆయన తిరిగి వచ్చేసరికి కుప్పయ్య తలుపులు ఎక్కించి ఉన్నాడు. కుడివైపు రెండూ చక్కగా మూశాయి. ఎడమవైపు ముందుది కాస్త సతాయించి దారికొచ్చింది. వెనకది మాత్రం ఏం చేసినా వినలేదు. తలుపు తాళం, స్తంభం మీద దాన్ని పట్టుకోవాల్సిన గొళ్లెం కన్నా అర అంగుళం కిందికి వస్తోంది. చూసినవాడు ఎవడైనా తలుపును స్తంభానికి పట్టి ఉంచే బందులు అరిగి తలుపు వేలాడుతోందనే అంటాడు. కుప్పయ్యా అదే అనుకున్నాడు. బందుల మేకులు మార్చాడు. మార్చినా అంతే. బందులు ఇంటికి తీసుకుపోయి, మేకు చుట్టూ ఉండే బుష్‌లు కొత్తవి వేసుకొచ్చాడు. అయినా అంతే.

మూడోరోజు కుప్పయ్య చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, చిన్నబ్బ ఆ తలుపు కూర్చునే ఖాళీలో మూల నుంచి మూలకు దారం పట్టి చూశాడు. కుడివైపు తలుపు చోట కూడా అలాగే పట్టాడు. రెండు కొలతలూ కలవలేదు. తలుపు సరిగ్గానే ఉంది, అది కూర్చోవలసిన చోటే వంకరపోయింది. ఆ వంకర తనది. "అన్నా, ఇది నా పని" అని అప్పుడే అనేసి ఉంటే రెండురోజుల చాకిరీ, నాలుగు తిట్లు, అంతటితో పోయేది.

ఆయన నోరు తెరిచే లోపల సుందరరాజు జీపు దిగాడు. ఆయన గొంతు ఎత్తితే మండీలో తక్కెళ్లు కూడా ఆగేవి. ఎవడి పని ఇది అని అడిగాడు. చిన్నబ్బ దారాన్ని గుప్పిట్లో నలిపేసి, "నాది రేకు పనప్పా. తలుపు నాది కాదు" అన్నాడు. మాటకు మాట చూస్తే అందులో అబద్ధమేమీ లేదు. అంత శుభ్రమైన మోసం ఆయన జన్మలో మళ్లీ చేయలేదు.

సుందరరాజు కుప్పయ్య వైపు తిరిగాడు. నీ చేతి తప్పు కాదంటే కాణిపాకం వచ్చి సత్యం చెయ్యమన్నాడు. చిత్తూరు చుట్టుపక్కల తగువు తెగకపోతే అదే ఆఖరు మాట. కోనేట్లో మునిగి తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేయాలి. అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని అందరి నమ్మకం. కాణిపాకం దారిలోనే, బస్సు సగం దూరం పోయేసరికే నిజం కక్కేసినవాళ్లు ఉన్నారు. కుప్పయ్య ఒక రోజు గడువడిగాడు. ఆ రోజంతా బందులు విప్పి, కొలిచి, మళ్లీ కొలిచాడు. మర్నాడు మండీకి పోయి, బెల్లం కొనడానికి వచ్చిన పదిమంది ముందు తల వంచుకుని నిలబడ్డాడు. చిన్నబ్బ కూడా అక్కడే గడప పక్కన ఉన్నాడు.

"నా చేతిలో తప్పు లేదనే అనుకుంటా ఉండానప్పా," అన్నాడు కుప్పయ్య. "కానీ తలుపు మూసుకోలేదు గదా. దేవుని ముందర నిలబడి అనుకుంటా ఉండానని ఎట్ల సెప్పేది? నేను సత్తెం చెయ్యను."

ఆ మనిషి నిజం తప్పుతానేమోనని భయపడి వెనక్కి తగ్గితే, తప్పు చేశాడు కాబట్టే తగ్గాడని అందరూ తీర్మానించేశారు. సత్యం చెయ్యనన్నాడట అనే మాట సాయంత్రానికి బస్టాండు దాటింది. నెల తిరిగేసరికి కుప్పయ్య షెడ్డుకు బండి రావడం మానేసింది. రెండో నెలలో ఆయన తాళం వేసి తిరుపతి వెళ్లిపోయాడు. సామాను వ్యానులోకి ఎత్తిపెట్టింది చిన్నబ్బే. సంగటి తిన్న చాప కూడా చుట్టి పైన పెట్టాడు. అప్పుడైనా చెప్పాడా అంటే, చెప్పలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు.

అప్పటినుంచి చిన్నబ్బ కాణిపాకం గుడిలో అడుగు పెట్టలేదు. గట్టిగా అరగంట దారి. మునెమ్మతో ఆటోలో పోతాడు, టెంకాయల అంగడి దగ్గరే ఆగిపోతాడు. చెప్పులు చూసుకోవాలంటాడు, మోకాళ్లంటాడు. మునెమ్మ ప్రసాదం తెచ్చి చేతిలో పెడితే రెండు చేతులా తీసుకుంటాడు గానీ నోట్లో వేసుకోడు. జాతర వేషం కూడా ఆ మరుసటేడే మానేశాడు. ఏమయ్యా మొక్కు అంటే, తీరిపోయింది అన్నాడు. తీరలేదని, అమ్మవారి ముందు నిలబడే ధైర్యమే లేదని ఆయన ఒక్కడికే తెలుసు.

ఇప్పుడు ఆ కారే వచ్చి షెడ్డు మధ్యలో నిలబడింది. చిన్నబ్బ రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. మూడోరోజు ఒక చెక్క దిమ్మె తీశాడు. తలుపు సగం తెరిచి, కింది బందు సందులో ఆ దిమ్మె ఇరికించి, భుజంతో బలంగా తోస్తే బందు వంగుతుంది, తలుపు అవతలి కొస పైకి లేస్తుంది. పది నిమిషాల పని. ఏడాదో రెండేళ్లో బాగానే మూసుకుంటుంది. కుప్పయ్య చెడగొట్టిన తలుపును చిన్నబ్బ బాగుచేశాడని ఊరంతా అంటుంది కూడా.

దిమ్మె ఇరికించాడు. భుజం ఆనించాడు. తోయబోతూ తల వంచితే, తలుపు కింద పొడవునా తన పాత వెల్డింగు గీత కనిపించింది. దగ్గరదగ్గరగా, చీమల బారులా, కొస దగ్గర మాత్రం హడావిడిగా సాగదీసి ఉంది. ఎవరి చేతిరాత వాళ్లకు తెలియకుండా పోదు. బస్సుకు టైమైపోతోందని ఆ కొస దగ్గర తను గడియారం చూసుకున్న సంగతి కూడా గుర్తొచ్చింది. ఆయన అలాగే నేల మీద చతికిలబడి, ఇంకొకసారి ఆ మనిషి మెడ కొయ్యబోయానే అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దిమ్మె లాగి అవతల పారేశాడు.

మర్నాడు పొద్దున్నే తిరుపతి బస్సెక్కాడు. కుప్పయ్య రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జిలో తలుపులు, తాళాలు చూసుకునే పనిలో ఉన్నాడని ఎప్పుడో విన్నాడు. విని కూడా, ఎన్నిసార్లు తిరుపతి వచ్చినా ఆ వీధిలోకి పోలేదు. ఈసారి దారి అడుగుతూ పోయాడు. మూడో అంతస్తులో, స్నానాల గది తలుపు విప్పి గోడకు ఆనించి, నీళ్లకు ఉబ్బిన అంచును చిత్రిక పడుతూ కనిపించాడు. తల పూర్తిగా నెరిసింది. చిన్నబ్బను చూసి నవ్వాడు. ఆ నవ్వే చిన్నబ్బను సగం చంపింది.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. కారు వచ్చిందన్నాడు, ఆ తప్పు నాదన్నా అన్నాడు, దారం పట్టి చూశానని, ఆ రోజే తెలిసిపోయిందని, తెలిసే నోరు మూసుకున్నానని చెప్పాడు. కుప్పయ్య చేతిలోని చిత్రిక ఆగింది.

"పైపు కట్టలేదా?"

"లేదన్నా."

"ఎందుకు?"

"జాతరకు బస్సు పోతాదని."

కుప్పయ్య తలుపు అంచు మీది చెక్కపొట్టు ఊదాడు. తర్వాత, పట్టుకో అన్నట్టు తలుపు వైపు తల ఊపాడు. చిన్నబ్బ తలుపు ఎత్తి పట్టుకున్నాడు. కుప్పయ్య ఒక్కొక్క స్క్రూ తిప్పుతూ పోయాడు. బిగించడం అయ్యాక మూశాడు. మంచి చప్పుడు. సామాను సర్దుకుని మెట్ల దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి మూసి చూశాడు.

"ఆ దినం నుంచి నా చెయ్యిని నేను నమ్మలేదబ్బా," అన్నాడు మెల్లగా. "ఏ తలుపు బిగించినా రెండోసారి రావల్సిందే. ఈడ పిల్లోళ్లు నగుతారు. నాకే తెలీకుండా యాడో తప్పు చేసినాననే అనుకుంటి, ఇన్నేండ్లూ."

తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. చిన్నబ్బ ఆయన చేతులు పట్టుకోబోయి, ధైర్యం చాలక, కాణిపాకం పోదాం రా, అందరి ముందరా నేను సత్యం చేస్తాను అన్నాడు.

"దేవునికి తెలుసులే," అన్నాడు కుప్పయ్య. "మండీలో సెప్పు. నన్ను అనింది ఆడ."

శనివారం పొద్దున మండీలో బెల్లం దిమ్మెలు తూకానికి వస్తున్న వేళ చిన్నబ్బ పోయి గడప లోపల నిలబడ్డాడు. జయచంద్ర ముందు, కొనేవాళ్ల ముందు, మూటలు దించుతున్న హమాలీల ముందు మొత్తం చెప్పాడు. ఒకరిద్దరు పాతవాళ్లు తప్ప ఎవరికీ ఆ గొడవే తెలియదు. ఈ ముసలాయన దేనికి ఇంతగా చెమటలు పడుతున్నాడో కూడా చాలామందికి అంతుపట్టలేదు. జయచంద్ర మొహమాటపడి, పోనీలే మేస్త్రీ, నాయనే లేడు, పాతవి ఇప్పుడెందుకు, తలుపు మూసుకుంటే చాలన్నాడు. అంత సులువుగా వదిలేస్తుంటే చిన్నబ్బకు ఇంకా సిగ్గేసింది.

వదలనిది మునిలక్ష్మి. ఇల్లు మండీకి ఆనుకునే ఉంది. లోపలి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"ఆయప్పకు ఆ దినం మజ్జిగ ఇయ్యబోతే, మా ఇంటాయన వద్దని కసిరినాడు," అంది. "ఎండలో వచ్చిన మనిషి దాహంతో పాయ. నువ్వు ఆ గడప పక్కనే ఉండావు గదా చిన్నబ్బా, సూస్తా ఉన్న్యావు గదా?"

ఆ తలుపు నువ్వు బిగించొద్దు, కుప్పయ్యను పిలిపించు అని చెప్పి ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి వారమంతా చిన్నబ్బ ఇంకో పని ముట్టలేదు. ఒక పైపు చాలే చోట రెండు కట్టాడు. తన పాత వెల్డింగును తనే కోసి తీశాడు. నడుము కింద జాకీ పెట్టి, పూటకు కాస్త కాస్త చొప్పున మూడు రోజుల పాటు లేపాడు. దారం మూల నుంచి మూలకు పట్టి చూశాడు, మళ్లీ చూశాడు. రెండు కొలతలూ కలిసినప్పుడు కొత్త రేకు వేసి, తీరిగ్గా, గడియారం విప్పి గూట్లో పెట్టి, వెల్డింగు పెట్టాడు. మునెమ్మకు కూడా చెప్పేశాడు. ఆమె విని, పళ్లెంలో అన్నం అలాగే వదిలేసి లేచిపోయింది.

వారం తిరిగిన ఆదివారం కబురందుకుని కుప్పయ్య వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన పాత సామాను. జయచంద్ర వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆమె చెంబులో మజ్జిగ పట్టుకొచ్చింది. కుప్పయ్య రెండు చేతులా పట్టుకుని చెంబు దించకుండా తాగాడు. తర్వాత తలుపు బందులు విప్పి లోపల చూశాడు. పంతొమ్మిదేళ్ల కింద తను వేసిన బుష్‌లే. వేలు పెట్టి తిప్పాడు. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా బిగుతు లేదు. కొలత అప్పుడూ సరిగ్గానే ఉంది. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని కొంచెంసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. చిన్నబ్బ అటు చూడలేక వెల్డింగు గీతను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

అవే బందులు, అవే బుష్‌లు బిగించాడు. మునిలక్ష్మి ఎక్కి తన చోట కూర్చుంది. చీర పేలికను మడిచి ఒళ్లో పెట్టుకుంది. కుప్పయ్య తలుపును రెండు వేళ్లతో తోశాడు. తాళం సూటిగా గొళ్లెంలోకి పోయి, మెత్తగా, గట్టిగా ఒక్క చప్పుడు చేసింది. చిన్నబ్బ సగం చెవుడు పట్టిన చెవులకు కూడా వినిపించింది. ఆయనకు ఊపిరి ఆడినట్టయింది. కుప్పయ్య చేతులు తుడుచుకున్నాడు, సామాను చుట్టుకున్నాడు, జయచంద్రకు నమస్కారం పెట్టి గేటు వైపు నడిచాడు. చిన్నబ్బ ఆ వీపును చూస్తూ నిలబడ్డాడు. వెనకటిలా తిరిగి చూడకుండా పోవాలని మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఈ ఒక్కసారికి పో అన్నా అనుకున్నాడు.

గేటు దగ్గర కుప్పయ్య ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"బాగా మూసుకునింది లే కుప్పయ్యా," అంది మునిలక్ష్మి లోపలినుంచి.

"తెలుసమ్మా," అన్నాడు కుప్పయ్య. అని, తలుపు తెరిచి మళ్లీ మూసి చూశాడు.